తీసివేయవలసిన చెయ్యి

టీవీ సీరియల్లో ఒకే కోడలు మూడోసారి జ్ఞాపకశక్తి పోగొట్టుకున్న రోజున నాగవేణి రిమోట్ అత్తగారి చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి, పోపులడబ్బా కింద వారం రోజులుగా దాచిపెట్టిన పేపరు ముక్క బయటికి తీసింది.

"మధ్యయుగ చిత్రకళ: పరిశోధన పద్ధతులు. ఆరు నెలల కోర్సు. ఏదైనా డిగ్రీ చాలు. వయసుతో నిమిత్తం లేదు." అనంతపురం ఊరి చివర ఉన్న కుడ్యచిత్ర పరిశోధన కేంద్రం వేసిన ప్రకటన అది. డిగ్రీ ఉంది. బి.ఎ., చరిత్ర, సెకండ్ క్లాసు. ఇరవై ఆరేళ్ళుగా పట్టుచీరల కింద ఒక్క మడత నలక్కుండా ఉంది. వాడని వస్తువులు అలాగే ఉంటాయి. వయసు నలభై తొమ్మిది. దానితో నిమిత్తం లేదని వాళ్ళే అన్నారు.

"ఇప్పుడీ సదువు సదివి ఏం జేస్తావమ్మే?" అత్తగారు హనుమక్క తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పాత గుళ్ళల్లో గోడల మీద బొమ్మలుంటాయి గదత్తా. వాటిని చూసేది నేర్పిస్తారంట."

"బొమ్మలు చూసేకి నేర్పించాల్నా? కండ్లుంటే సాలదా?"

భర్త తిప్పేస్వామి ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఇంట్లో ఆయన కంట్రోలు కింద ఉన్నది సీలింగు ఫ్యాను ఒక్కటే. దాని వేగం ఒకటి తగ్గించి, "పోయి రానీలేమా, సీరియల్ కథ సాయంత్రం నువ్వే చెప్దువులే," అన్నాడు.

దరఖాస్తులో పదకొండో గడి: "చిత్రలేఖనంలో అనుభవం." ఆలోచించే పనేమీ లేదు. "లేదు" అని రాసింది. అప్పటికి వాకిట్లో ఆ పొద్దున ఆమె వేసిన ఇరవై ఒక్క చుక్కల ముగ్గు మీద తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

*

"కళ్ళుంటే చాలదు," అన్నాడు డాక్టర్ ఉమాపతి మొదటి క్లాసులో. అత్తగారు గానీ వచ్చి వెనక బెంచీలో కూర్చుందేమోనని నాగవేణి ఒకసారి చూసుకుంది.

ఉమాపతి ఆ కేంద్రానికి డైరెక్టరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తల పైకెత్తి నడిచే మనిషి. ముప్పై ఏళ్ళు గుడి కప్పులు చూసీ చూసీ మెడ అలా నిలిచిపోయిందని విద్యార్థులు చెప్పుకునేవారు.

"బొమ్మలో మొహం చూడకండి. మొహం వేసేటప్పుడు ఎవడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. కాలిగోరు చూడండి. చెవి తమ్మె చూడండి. చీర అంచు చూడండి. ఇక్కడ ఎవరు చూస్తార్లే అనుకున్న చోట వాడి చెయ్యి వాడి చెయ్యిగా ఉంటుంది. మన విజయనగరం రాజులు ఏలుతున్న రోజుల్లోనే ఇటలీలో చర్చి గోడల మీద బొమ్మలు వేశారు. ఏ బొమ్మ ఎవరిదో తర్వాతివాళ్ళు విడదీసింది కూడా చెవులూ గోళ్ళూ చూసే. ఇంకొకటి. నోటుబుక్కులో గీత కొట్టి రెండు వరసలు చేసుకోండి. చూసింది ఒక వరసలో, అనుకున్నది ఇంకో వరసలో. రెండూ కలిపినవాళ్ళకు మార్కులుండవు."

పద్ధతి నాగవేణికి కొత్తగా అనిపించలేదు. వీధిలోకి కొత్త కోడలు వచ్చినప్పుడు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చేసేదీ ఇదే. కాకపోతే వాళ్ళు రెండో వరస ముందు నింపుతారు.

నెల తిరిగేసరికి ఆమె నాగరాయికొండ గుడి ముఖమండపంలో వెల్లకిలా పడుకుని, పైకప్పు మీద పెళ్ళికూతురి వెనక నిలబడిన పదకొండో చెలికత్తె కాలిగోళ్ళు లెక్కపెట్టగలిగింది. నాలుగు వందల యాభై ఏళ్ళ కిందటి బొమ్మలవి. పార్వతి పెళ్ళి. ఎర్ర నేల మీద వరసగా ఆడవాళ్ళు, చారల చీరలు, పొడుగాటి కళ్ళు. రెండేళ్ళుగా కప్పు రాళ్ళ సందుల్లోంచి వాన నీరు దిగి రంగు పొరలు పొరలుగా లేచిపోతోంది. వానలు మొదలయ్యేలోపు దాని మీద రక్షణ పూత వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పూత వేస్తే రంగు బతుకుతుంది. కప్పుకు పూసిన సున్నపు గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు కుంచె, ములుకు చేసిన వెంట్రుకంత గాట్లు మాత్రం శాశ్వతంగా పూడిపోతాయి.

కేంద్రంలో అందరి తొందరా ఆ గాట్ల గురించే. ఎందుకంటే జుబేదా ఒక తొడుగు తయారుచేసింది.

*

జుబేదా ముప్పై ఏళ్ళ ఇంజనీరు. మాట వేగం, నవ్వు అంతకన్నా వేగం. ఆమె తయారుచేసిన తొడుగు వేలికొసల నుంచి మోచేతి దాకా వస్తుంది. లేజరు గచ్చులోని గాటును చదువుతుంది. ఆ గాటు పడాలంటే చెయ్యి ఎలా కదలాలో లెక్కగట్టి, తొడుక్కున్నవాళ్ళ కండరాలకు చిన్న చిన్న కరెంటు చురకలు పెడుతుంది. అంతే, చెయ్యి దానంతటదే లేచి, ఖాళీ పలక మీద, ఎప్పుడో పోయిన మనిషి గీసిన గీతను మళ్ళీ గీస్తుంది.

"ఇంత తెలిసిన మెషీనుకు మనిషి చెయ్యెందుకమ్మా?" అని నాగవేణి మొదటిరోజే అడిగింది.

"గాటు కింద ఏం జరిగిందో చెప్తుందక్కా. కుంచె పైకి లేచినాక గాలిలో ఏం జరిగిందో చెప్పదు. మణికట్టు ఎట్ల తిరిగింది, ఎక్కడ తటపటాయించింది, అవన్నీ బతికున్న చెయ్యి పూరించాల్సిందే. ఆఖర్న మీ చెయ్యి అలవాట్లు తీసేస్తాం. మిగిలింది ఆయన చెయ్యి."

"నా చెయ్యి తీసేస్తారా?"

"లెక్కలో అక్కా, లెక్కలో!"

పన్నెండు మంది విద్యార్థుల్ని పరీక్షించారు. ఆర్ట్ కాలేజీలో చదివినవాళ్ళ చేతులు తొడుగుతో వాదన పెట్టుకున్నాయి. మిగతావాళ్ళవి వణికాయి. నాగవేణి చెయ్యి ఒక్కటే చెప్పినట్టు విని, చెప్పని చోట తనకు తోచినట్టు సర్దుకుపోయింది.

"మీ చెయ్యి ఎంత బుద్ధిమంతురాలక్కా!"

"ఇరవై ఆరేళ్ళ కాపురం తల్లీ," అంది నాగవేణి.

తీసివేత కోసం ఆమె చేత సంతకాలు చేయించారు, పది పంక్తులు రాయించారు, పెన్నుతో సున్నాలు చుట్టించారు, కుంచెతో గీతలు గీయించారు. పదకొండో గడిలో "లేదు" అని ఉంది కాబట్టి ఇంకేమీ అడగలేదు.

తొడుగు తీశాక చెయ్యి కాస్త కొత్తగా ఉంటుందనీ, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందనీ జుబేదా చెప్పింది. తొడుగు వేసుకున్న మూడో విడతకి అలాగే సర్దుకుంది. ఏడో విడతకి ఉప్పు తప్పింది. బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి ఉప్పు తీయబోతే అవి కుంచె పట్టుకున్నట్టు బిగుసుకుని పిడికెడు తెచ్చాయి. తిప్పేస్వామి చెనిక్కాయల పొడి కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు ఆలోచించి, "ఇది ఏ రాజుల కాలంది?" అని అడిగాడు.

పదో విడతకి సంగటి ముద్దలు గుండ్రంగా రావడం మానేశాయి. పన్నెండోదానికి పొద్దున వాకిట్లో ఆమె వేసిన పద్మం రేకులు కొసలు తేలి, సన్నగా, నాగరాయికొండ కప్పు మీది పద్మంలా వచ్చాయి. ఎదురింటామె ఫోటో తీసుకుంది. హనుమక్క తలుపు పట్టుకుని నిలబడి కిందికి చూసింది.

"ఎవురేసినారమ్మే ఈ ముగ్గు, నా వాకిట్లో?"

"నేనేత్తా."

"నువ్వు కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాగవేణి నోటుబుక్కు తీసి మొదటి వరసలో ఆ మాట రాసింది. రెండో వరస ఖాళీగా వదిలేసింది.

*

పద్నాలుగో విడత అయిన మర్నాడు ఉమాపతి తల కిందికి దించి నడుస్తూ కనిపించాడు. విద్యార్థులు హడలిపోయారు. ఆయన తెర మీద ఒక రేఖ చూపించాడు. నాగవేణి చెయ్యి తీసేయగా మిగిలిన చిత్రకారుడి చెయ్యి అది.

"చూడండి. బొటనవేలు, చూపుడువేలు. గీత మధ్యలో సమానమైన ఎడంతో కొంచెం కొంచెం వదులవుతున్నాయి. కుంచె పట్టేవాడికి ఈ వదులు ఎందుకు? వేళ్ళ మధ్య నుంచి పొడి జారవిడిచి అలవాటైన చెయ్యి ఇది. ముగ్గు వేసే చెయ్యి! ఈ కప్పు వేసింది ఆడమనిషి!"

హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాగవేణి కూడా కొట్టింది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మనసులో ఆ ఆడమనిషికి ఒక ముక్కుపుడక పెట్టింది, నడుముకు కొంగు బిగించింది, పరంజా ఎక్కించింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ ఆ సాయంత్రం పప్పులో ఉప్పు సరిపోయింది.

ఇరవై రోజుల్లో నిపుణుల సంఘం వస్తుంది. పత్రికలకు ప్రకటన తయారైంది. కేంద్రాన్ని ఎత్తేసి ఇంకో చోట కలిపేస్తారన్న మాట రెండేళ్ళుగా నలుగుతోంది. ఈ ఒక్క ఆడమనిషితో ఆ మాట ఆగిపోతుంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున పక్కింటి కోడలు వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేస్తోంది. నాగవేణి పాల ప్యాకెట్ పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడింది. గీత మలుపు తిరిగిన ప్రతిచోటా ఆ పిల్ల చెయ్యెత్తి ఒకసారి దులుపుకుంది. కల్లాపి తడికి వేళ్ళకు పిండి అంటుకుంటుంది, దులుపుకోక తప్పదు. నాగవేణి కూడా దులుపుకుంటుంది. కాకపోతే రెండుసార్లు. చిటికెనవేలు కాస్త ఎడంగా లేపి, టక్ టక్ అని.

పాలు స్టవ్ మీద పెట్టి కేంద్రానికి బయల్దేరింది. పాలు పొంగిన సంగతి సాయంత్రం తెలిసింది.

ఆదివారమైనా జుబేదా ల్యాబులోనే ఉంది. "మలుపుల దగ్గర పెద్దది చేసి చూపియ్యి," అంది నాగవేణి. తెర మీద రేఖ వచ్చింది. ప్రతి మలుపు దగ్గరా, గీత ఆగి మళ్ళీ మొదలయ్యే ఆ సందులో, పక్కపక్కనే రెండు చిన్న ముళ్ళు.

"ఇవి గచ్చులో ఉండాయా?"

"లేవక్కా. ఇవి గాలిలోవి. మీ చెయ్యి పూరించినవి."

"కుంచెకు పిండి అంటుకోదు గదమ్మా. దులుపుకునేకి ఏముంది?"

జుబేదా నవ్వు ఆగిపోయింది. దరఖాస్తు ఫైలు తెరిచి, పదకొండో గడి చూసి, నాగవేణి వైపు చూసింది.

"అక్కా, మీరు ముగ్గేస్తారా?"

"వెయ్యకుండా ఇల్లెట్ల జరుగుతుందమ్మా?"

"మరి అనుభవం లేదని రాసినారే!"

"బొమ్మలు గీసిన అనుభవం అడిగినారు. ఇంటిపని అడగల్యా."

సంతకం తీసేశారు, రాత తీసేశారు, సున్నాలు తీసేశారు. తొమ్మిదివేల పైచిలుకు పొద్దుల ముగ్గులు మాత్రం తీసేయకుండా అలాగే చిత్రకారుడి ఖాతాలో వేశారు.

*

ఉమాపతి అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"పచ్చి గచ్చు మీద పనిచేసేవాళ్ళకు కూడా వేళ్ళకు సున్నం అంటుతుందమ్మా. వాళ్ళూ దులుపుకుని ఉండవచ్చు."

"ఉండొచ్చు సార్. అది రెండో వరసలో రాసుకోవాల్సిన మాట."

తన మాట తనకే తగిలితే మనిషికి కోపం రావాలి. ఆయనకు వచ్చింది కూడా. "సరే. రుజువు చెయ్యండి. తొడుగుతోనే ముగ్గు వెయ్యండి. ఆ రెండు ముళ్ళు వస్తే ప్రకటన చించేస్తాను," అన్నాడు.

నాగవేణి ల్యాబులో నేల మీద కూర్చుని ముగ్గు వేసింది. ముళ్ళు రాలేదు. మళ్ళీ వేసింది. చెయ్యి మలుపు దగ్గర గాలిలో సాఫీగా తిరిగి, నాలుగు వందల యాభై ఏళ్ళ కిందటి మర్యాదతో కిందికి దిగింది. దులపాలని తను అనుకుంటే చెయ్యి దులిపింది గానీ అది అలవాటు కాదు, అభినయం. యంత్రం రెంటికీ తేడా కనిపెట్టేసింది.

పద్నాలుగు విడతల్లో ఆ అలవాటు రాలిపోయింది. సాక్షి ఉంది, సాక్ష్యం లేదు.

ఉమాపతి గొంతు మెత్తబడింది. "చూశారా? అది మీది కాదు. ఆవిడదే. ఒప్పుకోండి, నాగవేణిగారూ. మీక్కూడా గర్వమే కదా."

అదీ నిజమే. ఒప్పుకుంటే అందరికీ బాగుంటుంది. ముక్కుపుడక పెట్టుకున్న ఆ మనిషి బతుకుతుంది, కేంద్రం బతుకుతుంది, తను ఎప్పుడో ముగ్గులు వేసేదన్న సంగతి ఎవరికీ పట్టదు. నాగవేణి వేళ్ళ మీది పిండి చీరకు తుడుచుకుని లేచింది.

"ఇంకో చెయ్యి ఉంది సార్. మా ఊరు గుంతకల్లు. రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన. మాకు వాకిలే లేదు. పెండ్లయి వచ్చినాక నాకు ముగ్గు నేర్పింది మా అత్త. పట్టుకోని వస్తా."

*

"నేనేల వస్తా?" అంది హనుమక్క. "సంతలో ఎద్దు మాదిరి నా చెయ్యి పట్టి సూస్తారా?"

"నీ చెయ్యంత బాగుండే చెయ్యి అనంతపురంలో లేదని చెప్పొచ్చినా అత్తా."

"ఇన్నేండ్లలో ఎప్పుడూ అనల్యా ఆ మాట."

"అంటే నిల్చుకోనిస్తావా?"

హనుమక్క టీవీ కట్టేసింది. ఆ ఇంట్లో సీరియల్ మధ్యలో టీవీ ఆగడం అదే మొదలు. "నీ చెయ్యి మారిపోయిందని నాకు తెలుసు. ముద్ద జేసినప్పుడే తెలిసింది. అది ఇంగ రాదా?"

"ఏడాదికి రావొచ్చంట. రాకపోనూవొచ్చంట."

"దేనికమ్మే ఇంత?"

నాగవేణి దగ్గర పెద్ద మాటలేవీ లేవు. "నాది కానిది నాది కాదని చెప్పాల. నాది వేరేవాళ్ళ పేరు మీద పోతాంటే అదీ చెప్పాల. రెండూ ఒకటే పని," అంది.

మర్నాడు హనుమక్క ధర్మవరం పట్టుచీర కట్టుకుని, చెవులకు కమ్మలు పెట్టుకుని, కొడుకు బండి మీద కేంద్రానికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చుట్టూ వైర్లు చూసి, "ముందు నీళ్ళు తేండి," అంది.

"తాగేదానికా అమ్మమ్మా?" జుబేదా అడిగింది.

"సల్లేకి. తడి లేకుండా ముగ్గేందే?"

జుబేదా పరుగెత్తి వైర్ల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పింది. కోట్లాది లెక్కలు చేసే యంత్రం పక్కన హనుమక్క చెంబుతో కల్లాపి చల్లి, తొడుగు వేసిన చేత్తో ముగ్గుపిండి అందుకుంది. నడుం ఒక పట్టాన వంగలేదు గానీ చెయ్యి వానపాములా సాగింది. ప్రతి మలుపు దగ్గర చిటికెనవేలు ఎడంగా లేచింది. టక్ టక్.

ఇరవై రెండు మలుపులు. తెర మీద ఇరవై రెండు జతల ముళ్ళు. జుబేదా ఆ చేతిని పద్నాలుగు రికార్డుల్లోంచి తీసివేయమని యంత్రానికి చెప్పింది. తెర మీది రేఖలోంచి ముళ్ళు రాలిపోయాయి. వేళ్ళ వదులు పోయింది. మిగిలింది మామూలు కుంచె పట్టు. ఒకరిది కాదు, ముగ్గురిది. మగవాళ్ళో, ఆడవాళ్ళో, చెప్పేందుకు అందులో ఏమీ లేదు.

ఉమాపతి చాలాసేపు కప్పు వైపు చూశాడు. ల్యాబు కప్పు మీద బొమ్మలేవీ లేవు.

"పోయింది ఆవిడ," అన్నాడు.

"ఎవురు పోయింది?" హనుమక్క చెయ్యి దులుపుకుంటూ అడిగింది. విషయం చెప్పారు. "ఓస్, అంతేనా! ముగ్గేసింది నా కోడలైతే ఎవురో రాణిగారికి పేరు పెట్టి ఏడుస్తాండారా?"

ఉమాపతి ప్రకటన కాగితం చించాడు. చించే ముందు ఒకసారి చదువుకున్నాడు, అది నాగవేణి చూసింది. ఆయన మీద ఆమెకు గౌరవం పెరిగింది ఆ రోజే.

*

చదవాల్సిన కప్పు పలక ఇంకా ఒకటి మిగిలింది. ముఖమండపం ఈశాన్య మూలన, సగంలో ఆగిపోయిన చెలికత్తె. పూత వేసేవాళ్ళు శుక్రవారం వస్తారు.

జుబేదా తొడుగు తనే వేసుకుని చూసింది. ఆమె చెయ్యి కీబోర్డుకు అలవాటైన చెయ్యి, గీత మొదట్లోనే వణికి నిలిచిపోయింది. మిగతావాళ్ళూ అంతే. గట్టి అలవాటున్న చెయ్యే ఇంకో చేతిని మొయ్యగలదనీ, మోసేకొద్దీ తన అలవాటు కోల్పోతుందనీ అప్పటికి అందరికీ అర్థమైంది.

"మిమ్మల్ని అడగను," అన్నాడు ఉమాపతి.

"నేనే చెప్తాండా సార్. చేస్తా. రెండు షరతులు. నివేదికలో నన్ను 'తొడుగు ధరించిన వ్యక్తి' అని రాయొద్దు. పరిశోధకురాలని రాయండి. పద్ధతుల గురించిన భాగం మొత్తం నేను రాస్తా, పదకొండో గడి తప్పుతో సహా. ఆ తప్పు నాదీ మీదీ ఇద్దరిదీ."

ఆ సాయంత్రం తిప్పేస్వామి ఫ్యాను ఆపేశాడు. ఏదో ముఖ్యమైన మాట ఉందన్నమాట.

"చెయ్యి మొత్తం పోతే?"

"చెయ్యి యాడికి పోదు. అలవాటు పోతుంది."

"అలవాటే గదా మనిషి."

నాగవేణికి ఆ మాట గట్టిగానే తగిలింది. డిపోలో పాతికేళ్ళు ఉన్నా మనిషిలో ఇంత మాట ఉందని ఆమెకు తెలియదు. "అయితే ఇంకో మనిషినైతా. మీకు కొత్త పెండ్లాం. ఉప్పు మాత్రం మీరే ఏసుకోండి," అంది.

ఆయన నవ్వలేదు. గురువారం పొద్దున మాత్రం సెలవు పెట్టి, బండి తుడిచి, తనే ఆమెను కొండ దాకా దింపాడు.

*

పరంజా మీద చాప పరిచారు. నాగవేణి వెల్లకిలా పడుకుంది. కప్పు మొహానికి మూరెడు దూరంలో ఉంది. ఎర్ర నేల, తెల్ల గీత, భుజం దగ్గర ఆగిపోయిన చెలికత్తె. భుజం పైన ఏమీ లేదు. జుబేదా తొడుగు బిగించి, "వదులుతున్నా అక్కా," అంది.

చెయ్యి లేచింది. గుండెల మీద ఆనించుకున్న ఖాళీ పలక మీద చీర అంచు మొదలైంది. ఇన్నాళ్ళూ ఆమె చేతిలోకి వచ్చిన ముగ్గురిలో ఎవరూ కాదు ఇది. చురక రెండు రకాలుగా తగులుతోంది. వేళ్ళు వణుకుతున్నాయి, మణికట్టు స్థిరంగా ఉంది. గీత వంకర పోబోయిన ప్రతిసారీ వణికే వేళ్ళను పైనుంచి ఏదో పట్టుకుని దారిలోకి తెస్తోంది.

"జుబేదా, మెషీను చెడిపోయిందా?"

"లేదక్కా. గాటులోనే అట్లుంది. ఒత్తిడి రెండు చోట్ల నుంచి వస్తాంది. ఒకే కుంచె మీద రెండు చేతులు."

అంచు భుజం దాకా వచ్చింది. కింది చెయ్యి రానురాను బరువెక్కింది. పై చెయ్యి తొందరపెట్టలేదు, లాగలేదు. ఆగినచోట ఆగింది. భుజం మలుపు దగ్గర రెండూ కలిసి చాలాసేపు నిలబడ్డాయి. అక్కడ కప్పు గచ్చులో ఒక చిన్న గుంట ఉంది, అప్పట్లో కుంచె కదలకుండా ఒకే చోట ఆనించినందుకు. ఆ గుంట నాగవేణి వేళ్ళకు తెలిసింది. ఆ తర్వాత కుంచె లేచింది. మళ్ళీ దిగలేదు.

కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. పడుకుని ఏడిస్తే వచ్చే ఇబ్బంది అది. రెండో చేత్తో తుడుచుకుని లేచి కూర్చుంది.

ఉమాపతి నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. రేఖ చూశాడు, చూస్తూనే మెడ వంచి తనే కప్పు చూశాడు. "ముసలి గురువు. శిష్యుడు చెయ్యి పట్టుకుని ఆఖరి బొమ్మ వేయించాడు," అన్నాడు నెమ్మదిగా.

"నేర్చుకునే పసిపిల్ల కావొచ్చు సార్. పట్టుకున్నది తల్లి కావొచ్చు," అంది జుబేదా.

ఇద్దరూ నాగవేణి వైపు చూశారు. ఆ చేతుల్ని మోసింది ఆమె ఒక్కతే. ఏం చెప్పినా నమ్మేలా ఉన్నారు. ఆమెకు కూడా చెప్పాలని ఉంది.

అట్ట మీద కాగితం పెట్టుకుని పెన్ను తీసుకుంది. పెన్ను వేళ్ళలో నిలవలేదు, జారిపోయింది. మళ్ళీ తీసుకుంది. అక్షరాలు పొడుగ్గా, కొసలు తేలి వచ్చాయి. తన రాత కాదు. చదవడానికి మాత్రం వీలుగానే ఉంది.

"ఈశాన్య పలక. ఒకే కుంచె మీద రెండు చేతులు. కింది చెయ్యి వణుకుతోంది. పై చెయ్యి వణకడం లేదు. భుజం దగ్గర ఆపేశారు. ఎవరో తెలియదు."

ఉమాపతి చదివాడు. "ఇంకొక్క వాక్యం. 'బహుశా' అని మొదలుపెట్టి అయినా."

"లేదు సార్. చూసింది అంతే."

ఆయన కింద సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చాడు.

మండపం బయట వ్యాను ఆగిన చప్పుడైంది. పూత వేసేవాళ్ళు ఒకరోజు ముందే వచ్చేశారు, కొండ అవతల మబ్బు కమ్ముతోందని. డబ్బాలు దింపి, ఒకతను పరంజా కింద నిలబడి తలెత్తాడు.

"అమ్మా, మీ పని ఇంగా ఉందా? మేము ఎక్కొచ్చునా?"

నాగవేణి ఈశాన్య మూలకేసి ఒకసారి చూసింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. చాప చుట్టింది.

"అయిపోయింది నాయనా," అంది. "ఎక్కండి."